ఐదు సిట్టింగులైనా సలహా చెప్పని కౌన్సెలర్: డబ్బు దండగేనా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారు గుండెపోటుతో పోయి ఏడాది దాటింది. కొన్ని నెలలుగా రాత్రిళ్లు ఉన్నట్టుండి మీకు ఛాతీ పట్టేసినట్టవుతోంది, గుండె దడదడలాడుతోంది, ఇక పోతానేమో అనిపిస్తోంది. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష అన్నీ నార్మల్ వచ్చాయి. ఇంట్లోవాళ్లు శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించారు. తర్వాత గుండె డాక్టరే తిరుపతిలో ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. బోర్డు మీద ‘ఇంటిగ్రేటివ్ సైకోథెరపిస్ట్’ అని ఉంది. ఆమె ఒకరోజు శ్వాస నేర్పారు, ఒకరోజు ఆలోచనలు కాగితం మీద రాయించారు, ఇంకోరోజు ఖాళీ కుర్చీ ముందు పెట్టి నాన్నతో మాట్లాడమన్నారు. ప్రతిసారీ ‘ఈరోజు దేని గురించి మాట్లాడుకుందాం?’ అని మిమ్మల్నే అడుగుతున్నారు. పూజ సంగతి, నవ్వుతారేమోనని ఆమెకి చెప్పలేదు. ‘ఐదు సిట్టింగులయ్యాయి. గంటకి అంత ఫీజు తీసుకుని నన్నే అడిగితే ఇంక ఆమె ఎందుకు? ఆమెకి ఒక పద్ధతంటూ ఉందా, నా మీద ప్రయోగాలు చేస్తున్నారా? వేరేవాళ్ల దగ్గరికి మారిపోనా?’ అని మీ ప్రశ్న.

నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. నా బోర్డు మీదా అదే మాట ఉంది, కాబట్టి నావి పూర్తిగా బయటివాళ్ల మాటలు అనుకోకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆమె చేయించిన మూడు పనులూ మీ ఇబ్బందికి అతికేవే. తేడా వేరేచోట కొడుతోంది. ఏది ఎందుకు చేస్తున్నారో మీకు తెలియకుండానే ఐదు సిట్టింగులు గడిచాయి. ఆమె చెప్పకపోయి ఉండొచ్చు. చెప్పినా మీకు పట్టకపోయి ఉండొచ్చు, భయంలో ఉన్న మనిషికి సగం మాటలు చెవికెక్కవు. ఎలా జరిగినా, ఇక్కడ అడిగిన ఈ ప్రశ్న ఆమెని అడగాల్సింది. ఎలా అడగాలో చివర్లో చెబుతాను.

ముందు ఆ మూడింటి సంగతి.

గుండె బాగుందని డాక్టర్లు తేల్చాక కూడా ఇలా ఉన్నట్టుండి వచ్చి, నిమిషాల్లో తారస్థాయికి పోయి, తర్వాత దానంతటదే దిగిపోయే భయాన్ని పానిక్ అటాక్ అంటారు. మీది అదేనని ఇక్కడ కూర్చుని నేను తేల్చకూడదు, కానీ మీ వర్ణన ఆ దారిలోనే ఉంది. 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ దీని మెలికని పట్టుకున్నారు. ఒంట్లో ఏదో చిన్న మార్పు వస్తుంది. కాస్త దడ, కాస్త ఆయాసం, తల తిరిగినట్టు. దాన్ని మనసు ‘అయిపోయింది, ఇది గుండెపోటే’ అని చదువుకుంటుంది. ఆ భయానికి అడ్రినలిన్ విడుదలై దడ ఇంకా పెరుగుతుంది. పెరిగిన దడని చూసి ‘నేను చెప్పలా!’ అనుకుంటుంది. పాలవాణ్ణి చూసి మొరిగిన కుక్క, ఆ మొరుగుడికి వీధంతా లేచి కేకలేస్తుంటే, నిజంగా దొంగే వచ్చాడని ఇంకా గట్టిగా మొరిగినట్టు.

ఈ చుట్టుని ఒక్క చోటే తెంపాలని లేదు. భయంలో ఊపిరి వేగంగా తీసుకుంటాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఛాతీ బిగుస్తుంది. అందుకే నెమ్మదిగా శ్వాస వదలడం నేర్పుతారు. ‘ఇది గుండెపోటే’ అన్న చదువు సరైనదా కాదా అని పరీక్షించడానికి కాగితం. ఆ కాగితం పద్ధతి 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీ నుంచి వచ్చింది. ఆయన దగ్గర మొదటి నుంచీ ఒక పట్టుదల ఉండేది. రోగి ఆలోచన తప్పని డాక్టరు తీర్పు చెప్పకూడదు, ఇద్దరూ కలిసి దానికి సాక్ష్యాలు వెతకాలి. ‘గుండెపోటు అనుకున్న రాత్రులు ఎన్ని? వాటిలో నిజంగా వచ్చినవి ఎన్ని? దడ మొదలవ్వకముందు ఏం చేస్తున్నారు?’ ఈ లెక్క మీరే తీస్తే నమ్మకం కుదురుతుంది. మేం చెబితే ‘మేడం ధైర్యం చెబుతున్నారులే’ అనుకుని ఇంటికి పోతారు, ఆ రాత్రికి మళ్లీ మామూలే.

ఇక కుర్చీ. ఖాళీ కుర్చీలో పోయినవాళ్లనో, దూరమైనవాళ్లనో ఊహించుకుని మాట్లాడించడం, ఇప్పుడు ఇక్కడ ఏమనిపిస్తోందో దాని మీదే పనిచేసే గెస్టాల్ట్ థెరపీలో ఫ్రిట్జ్ పెర్ల్స్ బాగా వాడిన పద్ధతి. తర్వాత లెస్లీ గ్రీన్‌బర్గ్ వంటివాళ్లు దాన్ని పరిశోధనకి పెట్టి, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో తేల్చారు. మీకు అది నాటకంలా, సిగ్గుగా అనిపించిందని రాశారు. చాలామందికి అలాగే ఉంటుంది. కానీ మీ ప్రశ్నని నేను రెండోసారి చదివినప్పుడు ఒకటి గమనించాను. పరీక్షల గురించి, ఫీజు గురించి, పూజ గురించి ఇంత వివరంగా రాశారు, నాన్న గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆయన పోయింది గుండెతో, మీకు భయం వచ్చింది గుండె మీదే. మీ థెరపిస్ట్ కూడా ఇదే గమనించి ఉంటారని నా అనుమానం.

కాబట్టి మూడు పనులు, మూడు చోట్ల నుంచి ఒకే చుట్టు మీదికి. దీన్నే ఇంటిగ్రేటివ్ అంటారు. ఇలా కలపడం కొత్త పిచ్చేమీ కాదు. లోపలి మనసుని తవ్వే ఫ్రాయిడ్ వారసులు, పైకి కనిపించే ప్రవర్తననే చూసే ప్రవర్తనావాదులు, క్లయింట్ మాట మనసుపెట్టి వినడమే ముఖ్యమన్న కార్ల్ రోజర్స్ వెనక నడిచినవాళ్లు ఎవరి గుడారం వాళ్లు వేసుకుని దశాబ్దాలు పోట్లాడుకున్నారు. 1936లోనే సాల్ రోజెన్‌వైగ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒక చిన్న వ్యాసంలో, ఇన్ని రకాల చికిత్సలూ పనిచేస్తున్నాయంటే వాటన్నిటిలో ఏవో ఉమ్మడి అంశాలు ఉండి తీరాలన్నారు. 1983లో ఈ కలయిక కోసమే అంతర్జాతీయంగా ఒక సంఘం ఏర్పడింది. అందరూ ఒకేలా కలపరు. ఆర్నాల్డ్ లాజరస్ అనే సైకాలజిస్ట్ ఏ పద్ధతి పనికొస్తే దాన్ని తీసుకో, దాని వెనక సిద్ధాంతం మోయనక్కర్లేదు అన్నారు. నేను అంతదూరం పోను. సిద్ధాంతం తెలియకుండా పద్ధతి ఎత్తుకొస్తే అది పని చేయనప్పుడు ఏం చేయాలో తోచదు. శ్వాస సంగతే తీసుకోండి. మొదట్లో సాయం చేస్తుంది. కానీ కొందరు ‘ఈ శ్వాస తీసుకోబట్టే బతికాను, లేకపోతే పోయేవాణ్ణే’ అని నమ్మడం మొదలుపెడతారు. అప్పుడు అదే భయానికి కాపలా కాస్తుంది, మానిపించాల్సి వస్తుంది. ఎందుకు నేర్పామో తెలిసినవాళ్లే ఎప్పుడు ఆపాలో చెప్పగలరు.

ఇంటిగ్రేటివ్ అని బోర్డు పెట్టుకుని, వారాంతపు కోర్సుల్లో నేర్చుకున్నవన్నీ వరసగా మీ మీద దించేవాళ్లు కూడా ఉన్నారు, ఆ మాట దాచను. మీ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. తేడా పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ‘నా ఇబ్బంది ఎలా నడుస్తోందని మీరు అనుకుంటున్నారు?’ అసలు పని చేస్తున్నవాళ్ల దగ్గర దీనికి జవాబు ఉంటుంది. పైన నేను రాసిన చుట్టులాంటిది, మీ జీవితంలోని వివరాలతో. మా భాషలో దాన్ని ఫార్ములేషన్ అంటాం. నేనైతే రెండో, మూడో సిట్టింగులో దాన్ని తెల్లకాగితం మీద బొమ్మలా గీసి, పెన్ను వాళ్ల చేతికిచ్చి, ‘ఇందులో తప్పున్నచోట కొట్టేయండి’ అంటాను. కొట్టేస్తారు కూడా.

1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే ఆయన థెరపిస్ట్‌కి, క్లయింట్‌కి మధ్య పొత్తులో మూడు పోగులున్నాయన్నారు. ఎక్కడికి పోవాలో ఇద్దరికీ ఒప్పందం ఉండాలి. ఏ పనులు చేస్తూ పోవాలో ఒప్పందం ఉండాలి. ఒకరి మీద ఒకరికి గురి ఉండాలి. 2018లో 295 అధ్యయనాలు, 30,000 మందికి పైగా క్లయింట్ల వివరాలు కలిపి చూస్తే, ఈ పొత్తు బాగున్నచోట ఫలితమూ బాగుండటం ఏ రకం థెరపీలోనైనా కనిపించింది. ఆ సంబంధం మరీ పెద్దదేమీ కాదు, కానీ దేశం మారినా, పద్ధతి మారినా నిలిచింది. మీ విషయంలో మూడో పోగు బాగానే ఉన్నట్టుంది, ‘మనిషి మంచిదే’ అని మీరే రాశారు. మొదటి రెండూ వదులుగా ఉన్నాయి. మీకు కావాల్సింది రాత్రి నిద్ర. ఆమె చూపు బహుశా నాన్న పోయిన దుఃఖం మీద ఉంది. రెండూ ఒకే దారిలో కలవొచ్చు, కానీ ఆ మాట ఇద్దరూ నోరు తెరిచి అనుకోవాలి కదా. లేకపోతే మీరు రేణిగుంట బస్సెక్కాననుకుంటారు, ఆమె పుత్తూరు తీసుకుపోతారు.

‘ఈరోజు దేని గురించి మాట్లాడుకుందాం’ అన్న ప్రశ్న మీద మీకొచ్చిన కోపం నాకు బాగా తెలుసు. మన ఊళ్లో ఎవరూ అలా అడగరు. డాక్టరు చెబుతాడు, జ్యోతిష్కుడు చెబుతాడు, ఇంట్లో పెద్దాయన చెబుతాడు, అడక్కపోయినా పక్కింటాయన చెబుతాడు. చెప్పేవాడికే విలువ. సైకియాట్రిస్టూ పంజాబీ కవీ అయిన జస్వంత్ సింగ్ నేకీ 1973లోనే దీని గురించి రాశారు. భారతీయ రోగి డాక్టరులో గురువుని వెతుక్కుంటాడు, పాశ్చాత్య పద్ధతిలో మౌనంగా దూరంగా కూర్చుంటే కుదరదు, గురుశిష్య సంబంధాన్నే చికిత్సకి నమూనాగా తీసుకోవచ్చేమో ఆలోచించండి అన్నారు. నేను ఆయనతో సగం ఒప్పుకుంటాను. ‘థెరపిస్ట్ ఎప్పుడూ ఏమీ చెప్పకూడదు’ అన్నది ఇక్కడ నడవదు, నడపకూడదు కూడా. పానిక్ అంటే ఏంటి, నిద్ర ఎలా పాడవుతుంది, నైట్ షిఫ్టులో కాఫీ ఎప్పుడు ఆపాలి, ఏ మాత్ర అలవాటవుతుంది, ఇవన్నీ నేను నేరుగా చెబుతాను. అవి నాకు తెలిసినవి, మీకు తెలియనివి. ఉద్యోగం మానాలా, అన్నతో ఆస్తి గొడవలో రాజీ పడాలా, ఈ సంబంధం చేసుకోవాలా అంటే చెప్పను. దాని ఫలితంతో బతకాల్సింది నేను కాదు. పైగా నేను చెప్పింది చేసి బాగుపడితే ‘మేడం దేవత’, చెడిపోతే ‘ఆ మేడం వల్లే’. రెండిట్లోనూ మీకు మిగిలేదేమీ లేదు.

కలిసి పనిచేయడమంటే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. వివరాలు మార్చాను, మనిషిని గుర్తుపట్టే వీలుండదు.

తిరుచానూరు వైపు నుంచి ఒకామె వచ్చేది. మీలాంటి భయమే. దడ రాకూడదని మెట్లెక్కడం మానేసింది, కాఫీ మానేసింది, పెళ్లిళ్లలో జనం మధ్యకి పోవడం మానేసింది. హ్యాండ్‌బ్యాగులో పల్స్ చూసే క్లిప్పు మిషను, వాళ్లాయన మేనమామకి గుండెనొప్పికని రాసిన, నాలుక కింద పెట్టుకునే మాత్ర. ఇలాంటి భయానికి బాగా పరీక్షకి నిలిచిన చికిత్స ఏంటంటే, ఏ దడని చూసి పారిపోతున్నారో దాన్ని కావాలనే తెప్పించి, అది ఏమీ చేయదని ఒంటికి తెలిసేదాకా అందులో ఉండటం. మామూలుగా గదిలోనే ఒక నిమిషం పరిగెత్తిస్తాం, కుర్చీలో గిరగిరా తిప్పుతాం, సన్నటి గొట్టంలోంచి ఊపిరి తీయమంటాం. అదంతా ఆమెకి వివరించి, మా క్లినిక్ మెట్లతో మొదలుపెడదామా అన్నాను.

కాసేపు ఆలోచించి, ‘ఈడ మెట్లెందుకు మేడం? నేను ఏటా నడిచి కొండెక్కేదాన్ని. ఇప్పుడు బస్సులో పోతా ఉండాను. దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా అదే గుచ్చుకుంటాది’ అంది.

నా ప్లాను పక్కకి పోయింది. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు. మొదట్లోనే నిటారుగా గాలిగోపురం దాకా ఎక్కడం, తర్వాత చాలాదూరం నడక, చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ గట్టి ఎక్కుడు. గుండె దడ తెప్పించడానికి ఇంతకన్నా మంచి చోటు నేను కనిపెట్టగలనా? ముందు ఆమె డాక్టరుని అడిగి ఇబ్బంది లేదనిపించుకున్నాం. తర్వాత మెట్టుమెట్టుగా పథకం ఆమే రాసింది. మొదట పాదాల మండపం నుంచి కొద్ది మెట్లు ఎక్కి దిగడం. తర్వాత వాళ్లాయనతో గాలిగోపురం దాకా. ఆ తర్వాత ఆయన ముందు పోతే ఆమె వెనక ఒంటరిగా. ఏ వారం ఏ ఊతకర్ర వదలాలో కూడా ఆమే తేల్చుకుంది. ముందు క్లిప్పు మిషను ఇంట్లో పెట్టింది, మాత్ర చాలా రోజులు వదల్లేదు, నేను తొందరపెట్టలేదు. ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉన్నాను: దడ తారస్థాయిలో ఉన్నప్పుడు వెనక్కి తిరగకూడదు, కూర్చోవచ్చు, కానీ తగ్గేదాకా అక్కడే ఉండాలి. మధ్యలో పారిపోతే ‘పారిపోబట్టే బతికాను’ అన్న పాఠమే ఒంటికి మిగులుతుంది.

మోకాళ్ల పర్వతం దాటిన వారం వచ్చి ఆమె చెప్పిన మాట నేను ఏ శిక్షణలోనూ వినలేదు: ‘గుండె దబదబా కొట్టుకుంది మేడం. పక్కకి చూస్తే అందరికీ అంతే. పిలకాయలకీ అంతే, ముసలోళ్లకీ అంతే.’ తన దడ రోగం కాదని నేను వందసార్లు చెప్పినా ఇంత పని జరిగేది కాదు.

ఇందులో నాకు తెలిసింది భయం ఎలా దిగుతుందన్న సంగతి. ఆమెకి తెలిసింది ఏ చోట దిగితే తన బతుకు తనకి తిరిగి వస్తుందన్న సంగతి. మీ థెరపిస్ట్ ‘దేని గురించి మాట్లాడుకుందాం’ అని అడిగేది ఈ రెండో దాని కోసమే అయ్యుండాలి. మీరేమో ‘మీరే చెప్పండి మేడం’ అని గమ్మున కూర్చుంటున్నారు.

ఇంకో రకం మనుషులుంటారు, బలవంతం మీద వచ్చేవాళ్లు. చిత్తూరు వైపు జ్యూస్ ఫ్యాక్టరీలకి తోతాపురి మామిడికాయ తోలే ఒకాయన, భార్య, బావమరిది వెంట వచ్చాడు. తాగుడు. సీజన్లో ధర పడిపోయినప్పుడల్లా ఎక్కువవుతుంది. అప్పటికే అందరూ ఒట్లు వేయించారు, కాణిపాకంలో ప్రమాణం కూడా చేయించారు. నేను అడిగింది ఒకటే: ‘మానాలని మీకెంత ఉంది, పదికి?’ ‘మూడు’ అన్నాడు. బావమరిది మూతి తిప్పాడు. ‘మూడెందుకు, సున్నా ఎందుకు కాదు?’ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘పాప నా పక్కన కూర్చోదు మేడం. వాసనని చెప్పదు. గమ్మున లేచి పోతాది’ అన్నాడు.

ఈ ప్రశ్న నాది కాదు. విలియం మిల్లర్ 1983లో మొదలుపెట్టి, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచిన పద్ధతిలోది. ‘పది ఎందుకు కాదు’ అని అడిగితే తాగడానికున్న కారణాలన్నీ ఏకరువు పెట్టేవాడు. ‘సున్నా ఎందుకు కాదు’ అంటే మానడానికున్న కారణం తన నోటితోనే వస్తుంది. కానీ అదే సిట్టింగులో, పొద్దున లేస్తూనే చేతులు వణుకుతాయని, ఒక గుక్క పడితేగానీ నిలబడలేనని అన్నాడు. అక్కడ ఇక ప్రశ్నల్లేవు. ఇంట్లో ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావొచ్చు, మతి తప్పి ప్రాణం మీదికి రావొచ్చు, ముందు సైకియాట్రిస్ట్ దగ్గర మందులతో ఆపాలి అని ఖరాఖండిగా చెప్పి పంపాను. కలిసి నడవడమంటే అన్నీ క్లయింట్‌కి వదిలేయడం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కుటుంబం సంగతి మీరు అడగలేదు గానీ, పూజ విషయం దాచారు కాబట్టి చెప్పాలి. ఇక్కడ క్లయింట్ ఒక్కరే రావడం అరుదు. తోడు వచ్చినవాళ్లని శత్రువుల్లా గేటు బయట పెట్టడం మన పద్ధతీ కాదు, అవసరమూ లేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలని ఆవరణలోనే గుడారాల్లో ఉంచి చికిత్సలో భాగం చేశారు. మనకి పక్కనే వేలూరు సీఎంసీలో కూడా ఇంటివాళ్లు రోగితో ఉండే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, చిత్తూరు వాళ్లలో చాలామందికి తెలిసిన సంగతే. కానీ ఎవరికి ఏది చెప్పాలో మొదటిరోజే నేను క్లయింట్‌ని విడిగా అడుగుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు, అవేంటో కూడా ముందే చెప్పాలి. కాబట్టి పూజ సంగతి ఆమెకి చెప్పేయండి. నేనైతే అడిగేది, ఆ రాత్రి నిద్ర పట్టిందా, పూజలో కూర్చున్నప్పుడు నాన్న గుర్తొచ్చారా, అమ్మకి ఏమైనా తేలికపడిందా అని. నవ్వితే ఆ థెరపిస్ట్‌ని వదిలేయడానికి అది సరిపోయే కారణం.

మనవాళ్లతో ఇంకో చిక్కుంది. నచ్చకపోతే చెప్పరు. ‘బాగానే ఉంది మేడం’ అని దణ్ణం పెట్టి వెళ్లి, తర్వాతి వారం ‘ఊళ్లో పనుంది’ అని ఫోన్ చేసి, ఇక రారు. థెరపీలో వచ్చే పొరపొచ్చాల మీద జెరెమీ సఫ్రాన్, క్రిస్టఫర్ మురాన్ చాలాకాలం పనిచేశారు. కోపంగా నిలదీసేవాళ్లకన్నా ఇలా మర్యాదగా లోపలికి ముడుచుకునేవాళ్లని పట్టుకోవడమే కష్టం. ఆ పొరపొచ్చాన్ని ఇద్దరూ ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుంటే, చాలాసార్లు అదే చికిత్సలో మలుపవుతుంది. క్లయింట్ పరిస్థితి దిగజారుతుంటే ముందుగా పసిగట్టడంలో మేం థెరపిస్టులం గట్టివాళ్లం కామని మైకేల్ లాంబర్ట్ బృందం చూపించింది. అందుకే నేను ప్రతి సిట్టింగు చివరా ఒక కాగితం ఇస్తాను. స్కాట్ మిల్లర్, బ్యారీ డంకన్ తయారుచేసిన తరహాలో నాలుగు గీతలు: నా మాట విన్నారా, నేను అనుకున్న విషయమే మాట్లాడామా, పద్ధతి నాకు కుదిరిందా, మొత్తం మీద ఎలా ఉంది. గీత మీద ఎక్కడో చోట టిక్కు పెట్టాలి. నోటితో చెప్పలేనివాళ్లు కూడా టిక్కు కాస్త ఎడమకి జరపగలరు. అన్నీ కుడి చివరే పెట్టేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

అర్హతల గురించి రెండు ముక్కలు. మందులు రాసేది సైకియాట్రిస్ట్. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి, నంబరు అడిగితే చూపాలి. కౌన్సెలర్, థెరపిస్ట్ అన్న మాటలు బోర్డు మీద రాసుకోవడం మాత్రం ఇప్పటిదాకా చాలా సులువుగానే ఉంది. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఈ వృత్తులని కూడా చేర్చారు, దాని ఏర్పాట్లు కుదురుకోవాల్సి ఉంది. కాబట్టి ఎక్కడ చదివారు, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారు, ఇప్పుడు తమ కేసుల గురించి ఎవరితో చర్చిస్తారు అని అడగడం అమర్యాద కాదు. ఒక్క సిట్టింగులో నయం చేస్తామన్నవాళ్లు, సైకియాట్రిస్ట్ రాసిన మాత్రలు ఆపేయమన్నవాళ్లు, మీ విషయాలు మీ ఇంట్లోవాళ్లకి చేరవేసేవాళ్లు ఎదురైతే ఆలోచించక్కర్లేదు, లేచి వచ్చేయండి.

ఇప్పుడు, ఎలా అడగాలో. సిట్టింగు మొదట్లోనే అడగండి, ఆఖరి ఐదు నిమిషాల్లో తలుపు దగ్గర నిలబడి కాదు. ‘మేడం, దేని గురించి మాట్లాడుకుందామని అడుగుతారు కదా, ఈరోజు ఇదే మాట్లాడదాం. నాకు కావాల్సింది రాత్రి నిద్ర, ఛాతీ భయం పోవడం. శ్వాస, కాగితం, కుర్చీ దీనికి ఎలా పనికొస్తాయో నాకు అర్థం కాలేదు. కుర్చీ దగ్గర సిగ్గనిపించింది. ఇంకా ఎన్నాళ్లు పట్టొచ్చు, తగ్గుతోందని ఎలా తెలుస్తుంది?’ ఇంతే. కాగితం మీద రాసుకుని చదివినా ఫరవాలేదు.

ఆమె సంతోషపడొచ్చు, కాస్త తడబడొచ్చు కూడా. రెండూ మంచివే. వివరించి, కుర్చీ ఇప్పుడే వద్దంటే వద్దని, ముందు నిద్ర సంగతి చూద్దామని మీతో కలిసి దారి మారిస్తే ఆమెతోనే ఉండండి. ఇంకో నాలుగు సిట్టింగులకి ఒక గుర్తు పెట్టుకోండి, వారంలో ఎన్ని రాత్రులు భయంతో లేచారో ఒక క్యాలెండర్ మీద గీతలు గీసినా చాలు. ‘నేను చెప్పింది చేయండి, ప్రశ్నలెందుకు’ అన్నా, ‘మీలో నమ్మకం లేదు, అందుకే తగ్గట్లేదు’ అని తప్పు మీ మీదికి తోసినా మారిపోండి. మారేటప్పుడు మీరు రాసిన ఆ ఆలోచనల కాగితాలు వెంట తీసుకుపోండి, కొత్తవాళ్ల దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలవ్వక్కర్లేదు.

నొప్పి ఎప్పటిలా కాకుండా నడుస్తున్నప్పుడు, బరువెత్తినప్పుడు వస్తే, చేతికీ దవడకీ పాకితే, చెమటలు పడితే, అది పానిక్ అని మీరు తేల్చేసుకోకండి, నేరుగా ఆసుపత్రికి పోండి. అర్ధరాత్రి భయం పట్టుకుని ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.